తోలు మీది మరకా, తోలే మరకా?

పాత తోలు సంచి మీద మరక కనబడగానే చాలామంది చేసే మొదటి పని ఫోన్‌లో వెతకడం. అక్కడ దొరికే సలహాలు ఎప్పుడూ అవే. వంటసోడా పట్టించండి, వెనిగర్‌తో తుడవండి, టూత్‌పేస్టు రుద్దండి, చివర్లో కొబ్బరినూనె రాయండి. చెప్పేవాళ్లు అబద్ధం చెప్తున్నారని కాదు. పైన ప్లాస్టిక్ పూత దట్టంగా ఉన్న కొత్త సోఫా మీదో, నిరుడు కొన్న హ్యాండ్‌బ్యాగ్ మీదో వీటిలో ఒకటీ అరా పనిచేస్తాయి కూడా. తాతగారి వకీలు సంచి, 1960ల నాటి ట్రాన్సిస్టర్ రేడియో కవరు, కెమెరా పెట్టె, సూట్‌కేసు లాంటి వాటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవే చిట్కాలు మరకను వదిలేసి తోలును తీసుకుపోతాయి.

ఎందుకంటే మనం మరక అని పిలిచేవన్నీ ఒకటి కావు. కొన్ని తోలు మీద కూర్చుని ఉంటాయి: దుమ్ము, బూజు, చిలుము, తెల్లటి మైనపు పొర. కొన్ని లోపలికి దిగి ఉంటాయి: నూనె, సిరా, పసుపు. ఇంకొన్ని అసలు బయటినుంచి వచ్చి అంటుకున్నవే కావు, అక్కడ తోలే మారిపోయింది. ఇనుము తగిలి నల్లబడ్డ చోటు, సబ్బుతో ముదిరిన చోటు, వేడికి ముడుచుకున్న చోటు, పొడిపొడిగా రాలే ఎర్రటి చోటు ఈ కోవలోవి. మొదటి రకాన్ని తీసేయవచ్చు. రెండోదాన్ని తగ్గించవచ్చు. మూడోదాంట్లో తీయడానికి ఏమీ లేదు. నేను చూసినంతవరకు, ఇళ్లలో పాడైన పాత తోలు సామాన్లలో ఎక్కువ భాగం మూడో రకాన్ని మొదటి రకం అనుకుని రుద్దినవే.

లోపల ఉన్నదేమిటి

చర్మంలో ఉండేది ప్రధానంగా కొలాజెన్ అనే ప్రొటీన్, సన్నటి పీచుల అల్లికగా. పచ్చి చర్మాన్ని వదిలేస్తే కుళ్లుతుంది, ఎండబెడితే రేకులా బిగుసుకుంటుంది. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసి, చెట్టు బెరడు ఊరిన నీళ్లలో వారాల తరబడి ఉంచితే బెరడులోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఆ పీచులను పట్టుకుని, కుళ్లకుండా, ఆరినా వంగేలా చేస్తాయి. మన ఊళ్లలో లందల దగ్గర, అంటే తోళ్లు నానబెట్టే తొట్ల దగ్గర, తరతరాలుగా జరిగిన ఈ పనినే తోలు పదును చేయడం అంటారు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ ఇక్కడి సరుకు. తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ఇంగ్లండుకు పోయేవి. అక్కడి వ్యాపారులు వాటిని ఈస్ట్ ఇండియా తోళ్లనేవారు.

1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. వారాలు పట్టే పని చాలా తక్కువ సమయంలో తెమలడం మొదలైంది. ఇవాళ బజారులో ఉన్న తోలులో అధిక భాగం క్రోమ్ తోలే. అయినా సంచులు, పెట్టెలు, బెల్టులు, పట్టీలు, గుర్రపు జీనులు లాంటి గట్టి సామానుకు బెరడు తోలు వాడకం చాలాకాలం సాగింది. కాబట్టి పాత సామాను చేతిలోకి తీసుకున్నప్పుడు అది బెరడు తోలే అయ్యే అవకాశం ఎక్కువ. ఈ రెండు రకాల తోలు గురించీ మన దేశంలో లోతుగా పనిచేసిన చోటు చెన్నై అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ. 1948లో మొదలైన ఆ సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరు తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మే.

బెరడు తోలు స్వభావం ఆమ్లం వైపు ఉంటుంది, పీహెచ్ (7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని చెప్పే కొలత) సుమారు 3.5 నుంచి 5 దాకా. మనం వాడే మామూలు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. వంటసోడా 8 దాటి. క్షారం తగిలితే టానిన్‌కూ కొలాజెన్‌కూ మధ్య ఉన్న పట్టు సడలుతుంది, సడలిన టానిన్ గాలి తగిలి ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. వంటసోడా ముద్ద ఎండాక దులిపి చూస్తే మరక చుట్టూ కొత్తగా ఇంకో నల్లటి మచ్చ ఏర్పడేది ఇందుకే. జీనుల కోసం అమ్మే సాడిల్ సోప్‌కు పేరు గొప్పదే గానీ, అదీ చాలావరకు క్షారపు సబ్బే. రోజూ చెమటలో నానే గట్టి జీనుకు చెల్లుతుంది, అరవై ఏళ్ల పల్చటి కెమెరా కవరుకు కాదు.

ఇంకో హద్దు వేడి. తడిసిన తోలును వేడి చేస్తూ పోతే ఒక చోట పీచులు ఒక్కసారిగా ముడుచుకుపోతాయి. మంచి స్థితిలో ఉన్న బెరడు తోలుకు ఆ హద్దు సుమారు 70 నుంచి 85 డిగ్రీలు. క్రోమ్ తోలు వంద దాకా తట్టుకుంటుంది. చివికిన పాత తోలులో అదే హద్దు 40లలోకి పడిపోవచ్చు. తడిసిన పాత సంచిని మే నెల ఎండలో డాబా మీద ఆరేస్తే ఏమవుతుందో ఇక ఊహించుకోవచ్చు. ఒకసారి ముడుచుకున్న తోలు మళ్లీ సాగదు.

ముట్టుకునే ముందు

మొదట అది తోలేనా అని చూడాలి. మన ఇళ్లలో తోలు పెట్టె అని చెప్పుకునే వాటిలో చాలా భాగం రెక్సిన్, అంటే పైన పూత పూసిన బట్ట. చిరిగిన అంచు దగ్గర దారపు నేత కనబడితే రెక్సినే. పీచుపీచుగా, పై నుంచి కింద దాకా ఒకటే ముద్దలా ఉంటే తోలు. ఆ అంచులోనే ఇంకో సంగతి తెలుస్తుంది. కోసిన చోట లోపలంతా గోధుమరంగైతే బెరడు తోలు, మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు చార ఉంటే క్రోమ్ తోలు. రంగు లోపలిదాకా ఎక్కించిన వాటిలో ఈ తేడా దొరకదు.

తర్వాత ఎవరికీ కనబడని చోట, జేబు లోపలో, పట్టీ వెనకో, ఒక్క చుక్క డిస్టిల్డ్ వాటర్ పెట్టాలి. చుక్క గుండ్రంగా నిలబడితే పైన పూత ఉంది, మరక చాలావరకు పూత మీదే ఆగి ఉంటుంది. వెంటనే ఇంకి ఆ చోటు నల్లబడితే పూత లేదు. అలాంటి తోలు మీద పడ్డది ఏదైనా లోపలికి దిగే ఉంటుంది, మనం పోసే మందు కూడా అలాగే దిగుతుంది. ఆ తర్వాత తెల్లటి దూదికి కాస్త తడి చేసి అక్కడే ఒత్తి చూడాలి. దూదికి రంగు అంటిందంటే నీళ్లు కూడా ఆ వస్తువుకు ఎక్కువే. ఈ పరీక్షకు అయిదు నిమిషాలు పట్టదు, అయినా ఎవరూ చేయరు.

డిస్టిల్డ్ వాటర్ అని ఎందుకంటున్నానో కింద చెబుతాను. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి అమ్మేదే, ఎక్కడైనా దొరుకుతుంది.

ఆ నలుపు మురికి కాదు

పాత సంచి పట్టీ మీద, సరిగ్గా బకిల్ ఆనే చోట, నల్లటి నీలపు మచ్చ ఒకటి ఉంటుంది. మేకుల చుట్టూ వలయాలు, తాళం కింద గీత. చూస్తే గ్రీజు మురికి అనిపిస్తుంది. ఎంత రుద్దినా దూదికి ఏమీ అంటదు. ఇనుమూ టానినూ తడిలో కలిస్తే పుట్టే నలుపు అది.

శ్రీకాళహస్తి కలంకారీ చూసినవాళ్లకు ఇది తెలిసిన నలుపే. బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన కసిమితో గీత గీస్తే బట్ట మీది కరక్కాయతో కలిసి నల్లగా మారి అక్కడే నిలిచిపోతుంది. కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసుకున్న పాత సిరా కూడా ఇదే. ఆ రంగు ఉతికినా పోకూడదనే మనవాళ్లు దాన్ని ఎంచుకున్నారు. సంచి పట్టీ మీద జరిగిందీ అదే. తోలు నిండా టానిన్ ఉంది, బకిల్ తుప్పు దానికి ఇనుము అందించింది, చేతి చెమట నీళ్లు పోసింది. నమ్మకం కుదరకపోతే చిక్కటి టీ డికాక్షన్‌లో తుప్పుపట్టిన మేకు ఒకటి వేసి తెల్లారి చూడండి, సిరాలా ఉంటుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన బోరు నీళ్లలో చాలాచోట్ల ఇనుము ఉంటుంది. బకెట్ అడుగున ఎర్రటి మడ్డి దిగే ఊళ్లలో ఆ నీళ్లతో బెరడు తోలు తుడిస్తే, శుభ్రమైన చోట కూడా సన్నటి నల్ల చుక్కలు లేస్తాయి. తుడిచినవాళ్లు లోపలి మురికి బయటికొస్తోంది అనుకుని ఇంకా తుడుస్తారు. స్టీల్ వూల్‌తో బకిల్ తోమడం ఇంతకన్నా ఘోరం. రాలిన ఇనుప రజను తోలు రంధ్రాల్లో ఇరుక్కుని, వానాకాలం రాగానే ప్రతి రవ్వా ఒక చుక్కవుతుంది.

ఈ నలుపును ఆమ్లం కొంత పలచన చేస్తుంది. జీనులు కుట్టేవాళ్లు ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోవద్దనే నా సలహా. బజారులో దొరికే నిమ్మ ఉప్పును (సిట్రిక్ ఆమ్లం) డిస్టిల్డ్ వాటర్‌లో బాగా పలచగా కలిపి, ఇయర్‌బడ్‌తో మచ్చ మీద మాత్రమే అద్ది, కాసేపాగి, ఉత్త డిస్టిల్డ్ వాటర్ అద్దిన దూదితో పదేపదే ఒత్తి తీయాలి. ఆమ్లం తోలులో మిగిలిపోతే కాలక్రమంలో పీచులను కొరికేస్తుంది కాబట్టి ఈ చివరి పనే ముఖ్యం. పైపైన ఉన్న మచ్చ గోధుమరంగుకు తిరుగుతుంది. లోతుగా దిగింది మసకబారి ఆగిపోతుంది, అక్కడితో మనమూ ఆగాలి. ఇనుప బకిల్ అలాగే ఉంటే మళ్లీ మొదలవుతుంది కాబట్టి, బకిల్‌కూ తోలుకూ మధ్య పల్చటి పాలిథిన్ ముక్క పెట్టడమో, బకిల్‌కు మైనం పూయడమో చేయాలి. క్రోమ్ తోలులో ఈ గొడవ బాగా తక్కువ.

రేడియో కవరు కథ

ట్రాన్సిస్టర్ రేడియోల తోలు కవర్లు ఇప్పటికీ చాలా ఇళ్లలో అటక మీద ఉంటాయి. స్పీకరు ఎదురుగా వరుసలుగా చిల్లులు, భుజానికి పట్టీ, వెనక ప్రెస్ బటన్లు. ఆ బటన్లను దగ్గరగా చూస్తే చుట్టూ పచ్చటి మైనంలాంటి ముద్ద పేరుకుని ఉంటుంది. ఇది చిలుము. అయితే దేవుడి గదిలో రాగి చెంబుకు పట్టే చిలుములా పొడిగా ఉండదు. తోలుకు పట్టించిన నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడిలోని రాగితో కలిసి పుట్టిన సబ్బులాంటి పదార్థం అది. అందుకే జిగటగా ఉంటుంది, అందుకే నూనె ఎక్కువ రాసిన కవరుకే ఎక్కువ పడుతుంది.

దీన్ని తడపకూడదు. వెదురు పుల్లనో, పళ్లు కుట్టుకునే పుల్లనో ఉలిలా చెక్కి, బటన్ అంచు చుట్టూ నెమ్మదిగా గీరి, రాలిందాన్ని మెత్తటి బ్రష్షుతో దులపాలి. మూడొంతులు ఇలాగే పోతుంది. కింద తోలుకు పచ్చరంగు ఇంకి ఉంటే అది ఉంటుంది. ఇత్తడి తళతళలాడాలని చింతపండో మెటల్ పాలిష్షో పట్టించేవాళ్లున్నారు. బటన్ మెరుస్తుంది, దాని చుట్టూ వేలెడు మేర తోలు రంగు మారిపోతుంది. బటన్ ఊడదీయలేకపోతే దాని మెరుపు ఆశ వదులుకోవడమే మంచిది.

కవరు అడుగున, బ్యాటరీలుండే వైపు, తెల్లటి పెచ్చు కట్టి తోలు పెళుసుగా మారి ఉంటే సెల్స్ కారాయన్నమాట. పాత జింక్ కార్బన్ సెల్స్ నుంచి కారేది జింక్ క్లోరైడు, అమ్మోనియం క్లోరైడు కలిసిన ఆమ్లపు జావ. రేడియో లోపలి తగరపు పలకలకు వంటసోడా నీళ్లు పనికొస్తాయి. అదే చేత్తో కవరుకు పట్టించొద్దు. పెచ్చును పొడిగా గీరి తీసి, తడి దూదితో ఒకటి రెండుసార్లు ఒత్తడంతో సరి. అక్కడ తోలు అప్పటికే సగం కాలిపోయినట్టే లెక్క, వంచితే చిట్లుతుంది.

తెల్లగా కనిపించేదంతా బూజు కాదు

బీరువా తీయగానే తోలు మీద తెల్లటి పొర కనబడితే అందరూ బూజే అనుకుంటారు. సగం సందర్భాల్లో అది కొవ్వు. తోలు మెత్తగా ఉండటానికి దట్టించిన నూనెల్లోని గట్టి కొవ్వు ఆమ్లాలు మెల్లగా పైకి వచ్చి స్ఫటికాలుగా తేలతాయి. భూతద్దంలో చూస్తే బూజుకు నూలుపోగుల్లాంటి తీగలుంటాయి, గుండ్రటి గుంపులుగా పెరుగుతుంది. కొవ్వు పొర విభూతి చల్లినట్టు సమంగా ఉంటుంది. ఇంకా సందేహం ఉంటే, తోలు పొడిగా ఉన్నప్పుడు మాత్రమే, హెయిర్ డ్రయ్యర్‌ను జానెడు పైనుంచి రెండు మూడు క్షణాలు చూపించాలి. కొవ్వైతే కరిగి మాయమవుతుంది, బూజు అలాగే ఉంటుంది. కొవ్వును పొడి బట్టతో తుడిస్తే చాలు. కొన్నాళ్లకు మళ్లీ రావచ్చు, మళ్లీ తుడవాలి.

బూజు కాకినాడ, విశాఖ వైపు వానాకాలంలో తప్పని టెన్షన్. గాలిలో తేమ 65, 70 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజుకు చాలు. వస్తువును ఆరుబయటికి తెచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో మన వైపు రాకుండా దులపాలి. తడిగా ఉన్న బూజును బట్టతో తుడిస్తే పులుముకుంటుంది, కాబట్టి ముందు నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. దులిపాక మిగిలే నల్లటి, గోధుమ చుక్కలు బూజు వదిలిన రంగు. అవి పోవు. స్పిరిట్ అద్దితే బూజు చస్తుంది నిజమే, కానీ పాత తోలు పూతల్లో చాలావాటిని స్పిరిట్ కరిగిస్తుంది. బీరువాలో వేసే నాఫ్తలీన్ ఉండలు పురుగుల కోసం, తేమను అవి తగ్గించవు. ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచడం అన్నిటికన్నా చెడ్డ పని. నూలు గుడ్డ సంచి, గోడకు ఆనని అర, అప్పుడప్పుడు తలుపు తీసి గాలి ఆడనివ్వడం, వీలైతే తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు. వీటిని మించిన బూజు మందు లేదు.

నూనె, పసుపు, సిరా, నీళ్లు

చేత్తో పట్టుకునే పిడి, పడక్కుర్చీలో తల ఆనే చోటు నల్లగా నిగనిగలాడుతుంటాయి. చెమట, తలనూనె, దుమ్ము కలిసి ముదిరిన పొర. కొత్తగా పడ్డ నూనె చుక్క మీద ముల్తానీ మట్టి గానీ కార్న్‌ఫ్లోర్ గానీ చల్లి రాత్రంతా ఉంచితే చాలావరకు పీల్చేస్తుంది. ముప్పై ఏళ్ల నూనె మీద అదే పొడి చల్లితే ఏమీ జరగదు, అది గాలి తగిలి గట్టిపడి తోలులో భాగమైపోయింది. పై జిడ్డును తెల్లటి మెత్తని రబ్బరుతో, అదే పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో, ఒకే వైపుకు మెల్లగా రుద్ది తీయవచ్చు. మ్యూజియంలలో కూడా పొడి పద్ధతితోనే మొదలుపెడతారు. కుంకుడు రసం గురించి అడిగేవాళ్లుంటారు. క్షారం కాదు కాబట్టి సబ్బుకన్నా నయమే. అయితే దాని గోధుమరంగు తోలులో మిగులుతుంది. ముదురు రంగు తోలు, గట్టి పూత ఉంటే పలచటి నురుగు మాత్రం, రసం కాదు, వాడి చూడవచ్చు.

పసుపు మన ప్రత్యేకమైన మరక. దసరాకు ఆయుధపూజ నాడు వకీలు సంచికీ, డాక్టరుగారి పెట్టెకూ, కొలత పరికరాల కవర్లకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం మామూలే. పసుపును సబ్బుతో తుడిస్తే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే పసుపులోని కర్క్యుమిన్ రంగు మార్చుకుంటుంది మరి. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేది అందుకే. దానికి తేలికైన విరుగుడు వెలుతురే. కర్క్యుమిన్ వెలుతురుకు నిలవదు. ముందు పొడిని బ్రష్షుతో దులిపి, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర కొన్ని వారాలు వదిలేస్తే వెలిసిపోతూ వస్తుంది. ఇప్పటి కుంకుమలో ఎక్కువగా కృత్రిమ రంగులుంటాయి, వాటికి ఈ వైద్యం పనిచేయదు. పొడిగా దులపడమే, నీళ్లు తగలనివ్వకూడదు.

బాల్ పెన్ గీత దగ్గర హెయిర్ స్ప్రే చిట్కా తప్పక వినబడుతుంది. అందులో పనిచేసేది ఆల్కహాలు. ఆ సిరా ఆల్కహాలులో కరుగుతుంది, నిజమే. కరిగిన సిరా ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న. గట్టి పూత ఉన్న తోలు మీద దూదిలోకి వస్తుంది. పూత లేని తోలులో ఇంకాస్త లోతుకు, ఇంకాస్త వెడల్పుకు పోతుంది. గీతగా ఉన్నది మచ్చవుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ ఇంకా ప్రమాదం. గోళ్ల రంగులో పొరగా నిలిచేది నైట్రోసెల్యులోజ్. గత శతాబ్దంలో తోలు సామాను మీద మెరుపు పూతగా విరివిగా వాడిందీ అదే. గోటి మీది పొరను కరిగించే మందు సంచి మీది పొరను వదిలిపెడుతుందా? పాత సిరా గీతను, ముఖ్యంగా లోపలి మూత మీద ఎవరో రాసుకున్న పేరును, తీయాలన్న ఆలోచనే నాకు నచ్చదు. ఆ వస్తువు ఎవరిదో చెప్పే సాక్ష్యం అదొక్కటే కావచ్చు.

నీళ్లు ఆరిన చోట అంచు మాత్రం నల్లగా గీతలా మిగులుతుంది. తడి పాకుతూ పోయి కరిగిన టానిన్లను, మురికిని అంచుకు చేర్చి అక్కడ ఆరిపోయింది. దీనికి మందు మళ్లీ నీళ్లే, కానీ మరక మీద కాదు. ఆ ముక్క మొత్తాన్ని, కుట్టు నుంచి కుట్టు దాకా, పిండిన స్పాంజితో ఒకే రకంగా చెమ్మ చేసి, నీడలో నెమ్మదిగా ఆరనిస్తే గీత పలచబడుతుంది. ముందు చెప్పిన దూది పరీక్షలో రంగు వదలని తోలుకే ఈ పని.

నీళ్లు అసలు తగలకూడనివి

పాత తోలు పుస్తకాల వీపులు, పందొమ్మిదో శతాబ్దపు పెట్టెలు ముట్టుకుంటే చేతికి ఎర్రటి పొడి అంటుతుంది. చాలామంది దుమ్ము అనుకుని తడిగుడ్డ పెడతారు. తడి తగలగానే ఆ చోటు నల్లగా, గట్టిగా బిగుసుకుపోతుంది, ఇక వెనక్కి రాదు. ఆ ఎర్రటి పొడి దుమ్ము కాదు, శిథిలమైన తోలే. గాలిలోని గంధకపు వాయువులు బెరడు తోలులో చేరి ఆమ్లంగా మారి పీచులను తెంచేస్తాయి. లండన్‌లోని ఎథీనియం క్లబ్ గ్రంథాలయంలో పుస్తకాల అట్టలు ఇలా రాలిపోతుంటే, 1840లలో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే గ్యాసు దీపాల నుంచి వచ్చే గంధకాన్ని అనుమానించాడు. 1900లో లండన్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఈ సమస్య మీద ఒక కమిటీనే వేసింది. పోయిన తోలు తిరిగి రాదు. మ్యూజియం సంరక్షకులు హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే బంకలాంటి పదార్థాన్ని ఆల్కహాలులో పలచగా కలిపి పూసి, పొడి రాలకుండా పట్టి ఉంచుతారు. ఇంట్లో చేయగలిగింది మెత్తటి కాగితంలో చుట్టి, వంచకుండా దాచడం.

తోలుబొమ్మల సంగతి వేరు. నిమ్మలకుంట లాంటి చోట్ల చేసే ఆ బొమ్మల మేక చర్మాన్ని పదును చేయరు, దీపపు వెలుతురు దాటేలా గీకి పలచన చేసి ఆరబెడతారు అంతే. అందువల్ల పైన చెప్పిన ఏ తడి పద్ధతీ వాటికి చెల్లదు. చెమ్మకు వంకర తిరుగుతాయి, రంగు పాకుతుంది. మెత్తటి బ్రష్షు ఒక్కటే.

ఆఖర్న నూనె రాయాలా?

మరక తీశాక నూనె రాయడం అందరికీ అలవాటు. చాలాకాలం మ్యూజియంల అలవాటు కూడా అదే. ఉన్ని కొవ్వు, తేనెమైనం, దేవదారు నూనె, హెక్సేన్ అనే ద్రావకం కలిపిన బ్రిటిష్ మ్యూజియం లేపనం ప్రపంచమంతా వాడారు. తర్వాత అలా పట్టించిన పుస్తకాలు జిడ్డుగా దుమ్ము పట్టడం, నల్లబడటం, తెల్లటి కొవ్వు పొర తేలడం చూసి సంరక్షకులు ఆ పద్ధతికి దూరమయ్యారు. పాత తోలు పెళుసెక్కడానికి నూనె తగ్గడం ఒక్కటే కారణం కాదు, పీచులు తెగడం అసలు కారణం. తెగిన పీచును నూనె అతికించదు. కొబ్బరినూనె చలికాలం 24 డిగ్రీల దిగువన గడ్డకట్టి రంధ్రాల్లో తెల్లగా మిగులుతుంది. వంటనూనెలు గాలి తగిలి జిగురెక్కుతాయి. వాడే బెల్టుకు, భుజాన వేసుకునే సంచికి ఏడాదికోసారి మంచి తోలు క్రీము పల్చగా పూస్తే తప్పు లేదు. అద్దాల బీరువాలో ఉండే వస్తువుకు ఏమీ రాయక్కర్లేదు.

చేతకాదనిపిస్తే బయట ఇవ్వొచ్చు. బాగుచేసే దుకాణంలో ఇచ్చే ముందు మూడు సంగతులు అడగండి: ఏం పెట్టి తుడుస్తారు, ముందు ఎక్కడ పరీక్షిస్తారు, చివర్లో రంగు వేస్తారా. మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే రంగు వేస్తారనే అర్థం. పిగ్మెంట్ పూత కొడితే మరక దాని కింద దాగుతుంది, వస్తువు కొత్తగా కనిపిస్తుంది, కుట్టు దారాలు కూడా అదే రంగులో మునిగిపోతాయి. రోజూ వాడే బూట్లకు అది మంచి బేరమే. తాతగారి సంచికి అయితే, ఆ పూతను తర్వాత తీయడం మరకను తీయడం కన్నా కష్టమని తెలిసే ఒప్పుకోవాలి.